మజ్జిగ పొడుగు గ్లాసులో పోస్తేనే ఎక్కువట! నాలుగేళ్ళ వాడికి "లాజిక్ వీక్" అంటున్నారు, నిజంగా కంగారు పడాలా?

గోదారి అమ్మాయి | రాత్రి 10:42
అందరికీ నమస్తే అండి. ఎప్పుడూ చదివి వెళ్ళిపోవడమే గానీ రాసింది లేదు, ఇవాళ కడుపు మండి రాస్తున్నా. మాది రాజమండ్రి, ఇద్దరు మగపిల్లలు, పెద్దోడు మూడో తరగతి, చిన్నోడికి నాలుగేళ్ళ మూడు నెలలు. వీడితో రోజూ మజ్జిగ దగ్గర గొడవే. ఇద్దరికీ ఒకే గరిటెతో కొలిచి పోస్తా, అన్నకి పొడుగు గాజు గ్లాసు వీడికి వెడల్పు స్టీలు గ్లాసు, అంతే, "అన్నకే ఎక్కువ పోశావు" అని కింద పడి దొర్లుతాడు. వాడి కళ్ళ ముందే వీడి గ్లాసులోది అలాంటి పొడుగు గ్లాసులోకి వంపితే, ఏడుపు ఠక్కున ఆగి "ఇప్పుడు ఎక్కువైంది" అని నవ్వుతాడు. దోసె కూడా అంతే, ఒకటే దోసె నాలుగు ముక్కలు చేసి పెడితే నాలుగు దోసెలు తిన్నానని వీధంతా చెప్పుకుంటాడు. మా మామగారు ఫోన్ చేసి "అన్నం తిన్నావా నాన్నా" అంటే నోరు విప్పకుండా తల ఊపుతాడు, ఆయన అటు హలో హలో అంటూనే ఉంటారు.

ఇన్నాళ్ళూ నవ్వుకున్నాం. మొన్న ప్లేస్కూల్ మీటింగ్‌లో మేడమ్ "బాబుకి లాజికల్ థింకింగ్ వీక్, వర్క్‌షీట్లు, అబాకస్ పెడితే సెట్ అవుతుంది, ఫీజు విడిగా" అన్నారు. అప్పట్నుంచీ నిద్ర లేదు. మా అత్తగారైతే పెద్దోడు ఈ వయసులో ఇలా లేడు అంటారు, నాకేమో వాడు ఎలా ఉండేవాడో గుర్తు కూడా లేదు. మీ పిల్లలు కూడా ఇంతేనా చెప్పండి ప్లీజ్.

పాలమూరు నాయిన | రాత్రి 10:58
అక్కా మీరు పరేషాన్ కాకుండ్రి, మా ఇంట్ల గదే కథ. మా బిడ్డకు అయిదు నడుస్తున్నది. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సుల వస్తుంటే కిటికీల నుంచి చూసి "నాయినా చందమామ మనెంబడే వస్తున్నడు, మన ఊరు ఆయనకెట్ల తెలుసు" అన్నది. నేను ఏం చెప్పాల్నో తెల్వక కండక్టర్ చెప్పిండు అన్న. దాగుడుమూతలాడితే పరదా ఎనక నిలబడి కండ్లు మూసుకుంటది, కాళ్ళు రెండూ బయటనే. తనకు మనం కనిపిస్తలేము కాబట్టి మనకు తను గూడ కనిపియ్యదని దాని లెక్క. గిది వీక్ అంటే ఊర్లున్న పోరగాండ్లందరు వీకే ఇగ.

మనసు చదువుతా | రాత్రి 11:31
నేను సైకాలజీలో పీజీ చేస్తున్నా, ఇది మా సిలబస్‌లోదే కాబట్టి కొంచెం పెద్దగా రాస్తా ఏమనుకోకండి.

అక్కా, మీ ఇంట్లో మజ్జిగ గ్లాసులతో జరిగేది మా టెక్స్ట్‌బుక్‌లో దాదాపు ఉన్నదున్నట్టు ఉంటుంది, అక్కడ నీళ్ళు, ఇక్కడ మజ్జిగ, అంతే తేడా. జాన్ పియాజే అని స్విట్జర్లాండ్ ఆయన, 1896లో పుట్టారు. కుర్రాడిగా ఉన్నప్పుడు పారిస్‌లో పిల్లల తెలివితేటల పరీక్షల మీద పని చేశారు. అక్కడ ఆయన చేయాల్సిన పని ఎన్ని కరెక్టో ఎన్ని తప్పో చూడడం, కానీ ఆయన దృష్టి తప్పుల మీదకి పోయింది, ఒక వయసు పిల్లలందరూ ఒకే రకం తప్పు చేస్తున్నారేంటి అని. తెలివి తక్కువై తప్పులు చేస్తే తలా ఒక రకంగా చేయాలి కదా, అందరూ ఒకేలా చేస్తున్నారంటే దాని వెనక వాళ్ళదైన లెక్క ఏదో ఉంది. అక్కడ మొదలుపెట్టి 1980లో పోయేదాకా ఆ లెక్క ఏంటో పట్టుకోవడమే ఆయన పని. సొంత పిల్లలు ముగ్గుర్ని కూడా వదల్లేదు, పాలసీసా దాస్తే ఏం చేస్తున్నారు, బొమ్మని గుడ్డ కింద పెడితే వెతుకుతున్నారా లేదా అని నోట్సు రాసుకుంటూ కూర్చునేవారు.

రెండేళ్ళ నుంచి సుమారు ఏడేళ్ళ దాకా పిల్లలు ఒకసారి ఒకదాన్నే పట్టుకుంటారని ఆయన అన్నది. మీ వాడి కన్ను మజ్జిగ ఎంత ఎత్తు వచ్చింది అనే దాని మీదే ఉంటుంది, గ్లాసు సన్నగా ఉంది కాబట్టి ఎత్తు పెరిగింది అని రెండూ కలిపి చూడలేడు, వెనక్కి పోస్తే మళ్ళీ అంతే వస్తుంది అని మనసులో తిప్పి చూసుకోలేడు. పాలమూరు అన్నా, మీ పాప చందమామ సంగతి కూడా పియాజే రాసుకున్నదే, ఆయన మాట్లాడిన పిల్లలు కూడా సూర్యుడూ చంద్రుడూ మా వెంటే వస్తారు అన్నారు. మీ చిన్నోడికి నాలుగేళ్ళు అక్కా, వాడు ఇలా అనకపోతేనే నేను ఆశ్చర్యపోతా.

అడ్డప్రశ్న | రాత్రి 11:50
ఒక్క నిమిషం. పియాజే పేరు చెప్పి అంతా తేలిపోయినట్టు రాయొద్దు బ్రో. ఆ ప్రయోగాల మీద తర్వాత చాలా గొడవ జరిగింది, అది మీ సిలబస్‌లో లేదా?

ఎడిన్‌బరోలో మార్గరెట్ డొనాల్డ్‌సన్ అని ఒకావిడ ఇంకొకాయనతో కలిసి 1970ల్లో చేసింది చదవండి. రెండు వరసల్లో సమానంగా బిళ్ళలు పెట్టి, ఒక వరసని పెద్దవాళ్ళు జరిపి పొడుగు చేస్తే పిల్లలు "ఇదే ఎక్కువ" అంటారు కదా, అదే పని ఒక అల్లరి టెడ్డీ బొమ్మ వచ్చి చిందరవందర చేసినట్టు ఆడిస్తే చాలా ఎక్కువమంది "సమానమే" అని కరెక్టుగా చెప్పారు. ఎందుకంటే పెద్దాయన పనిగట్టుకుని ఏదో మార్చి మళ్ళీ అడుగుతున్నాడంటే ఏదో మారే ఉంటుంది అని పిల్లాడు అనుకుంటాడు, పాపం మనల్ని నమ్ముతాడు కాబట్టి.

ఇంకోటి, 1974లో రోజ్, బ్లాంక్ అని ఇద్దరు అసలు ప్రశ్నే మార్చారు. మామూలుగా ముందు ఒకసారి తర్వాత ఒకసారి అడుగుతారు, వీళ్ళు మార్చిన తర్వాత మాత్రమే అడిగారు, తప్పులు తగ్గాయి. ఒకే ప్రశ్న రెండోసారి అడిగితే నా మొదటి జవాబు తప్పేమో అనుకోవడం చిన్నపిల్లలే కాదు, వైవాలో మనం చేసేది కూడా అదే.

మనసు చదువుతా | రాత్రి 11:58
ఉంది బ్రో, సెకండ్ సెమిస్టర్‌లో ఉంది 😅 వయసులు ఆయన చెప్పినంత గట్టిగా గీత గీసినట్టు ఉండవు, అది ఒప్పుకుంటా. దాగుడుమూతల సంగతి కూడా అంతే. పిల్లలు ఎదుటివాళ్ళ వైపు నుంచి చూడలేరు అని పియాజే మూడు కొండల బొమ్మ పెట్టి చెప్పారు, 1975లో మార్టిన్ హ్యూస్ కొండలు తీసేసి అడ్డుగోడలు, పోలీసు బొమ్మలు పెట్టి "ఈ పిల్లాడు పోలీసులకి కనపడకుండా ఎక్కడ దాక్కోవాలి" అంటే మూడున్నర నుంచి అయిదేళ్ళ పిల్లలు 90 శాతం కరెక్టుగా దాచారు. కొండ అవతల నుంచి ఎలా కనిపిస్తుందో వాళ్ళకి అక్కర్లేని విషయం, పోలీసుకి దొరక్కుండా ఉండడం మాత్రం బాగా అక్కరున్న విషయం. కానీ మజ్జిగ ఏడుపు మాత్రం నిజం బ్రో, అక్కడ ఎవరూ రెండుసార్లు ప్రశ్న అడగట్లేదు, వాడంతట వాడే ఏడుస్తున్నాడు.

అడ్డప్రశ్న | అర్ధరాత్రి 12:04
సరే ఆ పాయింట్ మీదే.

బంటి మమ్మీ | ఉదయం 6:15
మా సిస్టర్ వాళ్ళ పాపకి మిడ్‌బ్రెయిన్ యాక్టివేషన్ చేయించారు, కళ్ళకి గంతలు కట్టినా పుస్తకం చదివేస్తుంది, లాజిక్ మెమరీ అన్నీ పెరుగుతాయంట, రెండు రోజుల కోర్స్, కావాలంటే నంబర్ ఇస్తా.

అడ్డప్రశ్న | ఉదయం 7:02
గంతల కింద ముక్కు పక్కన సందు ఉంటుందండి, పిల్లలు అందులోంచి చూస్తారు. ఆ గంతలు తీసేసి పుస్తకాన్ని తల వెనక పెట్టి చదవమనండి ఒకసారి. పిల్లల చేత అబద్ధం ఆడించి ఫీజు తీసుకోవడం తప్ప అందులో ఏమీ లేదు, దయచేసి నంబర్లు ఇక్కడ పెట్టొద్దు.

అంగన్‌వాడీ అక్క | మధ్యాహ్నం 2:20
ఇప్పుడు పిల్లోళ్ళు నిద్రపోతాండారు కాబట్టి టైమ్ దొరికింది. నాది కదిరి పక్క పల్లె, పద్దెనిమిదేళ్ళుగా సెంటర్ నడుపుతాండా. పైన మీరు చెప్పిన పేర్లన్నీ ట్రైనింగ్‌లో ఒకటో రెండో విన్నా గానీ, పిల్లోళ్ళని చూసి నేర్చుకున్నదే ఎక్కువ.

మూడేళ్ళకి వచ్చే పిల్లోడు ఒకటి నుంచి పది దాకా గడగడా చెప్తాడు, వాళ్ళమ్మ మురిసిపోతాది. చింతగింజలు అయిదు ముందర పోసి లెక్కపెట్టు అంటే ఒకటి రెండు మూడు నాలుగు అయిదు అంటాడు, బానే ఉంది, "అయితే ఎన్నుండాయి నాయనా" అంటే మళ్ళా మొదట్నుంచి ఒకటి రెండు అంటాడు! చివర చెప్పిన అంకె ఆ కుప్పకంతా పేరు అని వాడికింకా తెలీదు. "నాకు మూడు గింజలు ఇయ్యి" అంటే గుప్పెడు తీసి ఇస్తాడు. పాట మాదిరి అంకెలు రావడం వేరే, లెక్క తెలియడం వేరే. మా దగ్గర చానామందికి మూడున్నర నాలుగు మధ్యలో ఒకరోజు ఉన్నట్టుండి వెలుగుతాది అది, ఆ రోజు వాడి మొహం చూడాల. గింజలు పంచుకోవడం, గుడ్లు వచ్చినప్పుడు ప్లేటుకొకటి పెట్టమనడం, ఇట్లాంటివాటితో వస్తాది. వర్క్‌షీట్‌తో వచ్చినోడిని నేను చూడలేదు.

గోదారి అమ్మాయి, మీ వాడి చేతనే మజ్జిగ పోయించు తల్లీ. కొంచెం ఒలికితే ఒలికింది. రెండు మూడు గ్లాసులు, గిన్నెలు ఇచ్చి నీళ్ళతో ఆడుకోనీ. లక్కపిడతలతో గుజ్జనగూళ్ళు ఆడుకునే పిల్లలు చేసేదంతా అదే, ఇందులోంచి అందులోకి పోయడం, పంచడం. మన ముసలోళ్ళు కొలతలు నేర్పిద్దామని ఇచ్చినారో, పిల్లోళ్ళు కాళ్ళకి అడ్డం రాకుండా ఉంటారని ఇచ్చినారో గానీ.

నాన్నమ్మ కబుర్లు | సాయంత్రం 4:05
మా మనవరాలికి తొమ్మిదో నెల. ఆరో నెలలో చేతిలో గిలక్కాయ తీసుకుని తువ్వాలు కింద పెడితే అసలు అదే లేనట్టు వేరే వైపు చూసేది, ఇప్పుడు తువ్వాలు లాగి పడేస్తుంది. దోబూచులాటలో ముందు నా కొంగు చాటు చేసుకుంటే బిత్తరపోయేది, ఇప్పుడు నేను తీయకముందే నవ్వుతుంది, నేను అక్కడే ఉన్నానని దానికి తెలుసు. ఇది కూడా మీరు చెప్పే ఆయన రాశారా?

మనసు చదువుతా | సాయంత్రం 4:40
రాశారమ్మమ్మా 🙂 కనిపించకపోయినా వస్తువు ఉంటుంది అనే తెలివి ఎనిమిది నెలల చుట్టూ వస్తుందని ఆయన చెప్పారు, తువ్వాలు లాగడమే దానికి గుర్తు. ఇంకో సరదా చూడండి, గిలక్కాయని రెండు మూడుసార్లు ఎడమ తువ్వాలు కిందే పెట్టి తీయనివ్వండి, తర్వాత పాప చూస్తుండగానే కుడి తువ్వాలు కింద పెట్టండి. ఈ వయసు పిల్లలు చాలామంది మళ్ళీ ఎడమదే లాగుతారు!

కాకపోతే 1985లో రెనే బయార్జాన్, ఇంకో ఇద్దరు కలిసి అయిదు నెలల పిల్లల మీద వేరేలా చూశారు. చేత్తో వెతకమనకుండా కళ్ళు ఎంతసేపు చూస్తున్నాయో లెక్కపెట్టారు. ఒక పలక లేచి వెనక్కి వాలుతుంది, దాని వెనక ఒక పెట్టె ఉంది, పెట్టె తగిలి పలక ఆగాలి కదా, ఆగకుండా పెట్టెలోంచి దూసుకెళ్ళినట్టు చూపిస్తే పిల్లలు ఎక్కువసేపు అలా చూస్తుండిపోయారు. అంటే కనపడకపోయినా పెట్టె అక్కడే ఉందని అప్పటికే ఎంతోకొంత తెలుసన్నమాట. తెలిసినదాన్ని చేతిదాకా తెచ్చుకోడానికే ఇంకొన్ని నెలలు పడుతుంది అంటారు. దీని మీద ఇప్పటికీ వాదిస్తూనే ఉన్నారు, అడ్డప్రశ్న గారు వచ్చేలోపు నేనే చెప్పేస్తున్నా.

డల్లాస్ బాబాయ్ | రాత్రి 8:15
మంచి థ్రెడ్. మా అమ్మాయికి నాలుగున్నర, ఇక్కడే పుట్టింది, ఇంట్లో తెలుగే. బ్లాక్స్ పేర్చుకుంటూ తనలో తనే కామెంట్రీ ఇచ్చుకుంటుంది, "ఇది ఇక్కడ కాదు, పెద్దది కింద పెట్టాలి, అబ్బా పడిపోయింది, మళ్ళీ". మా ఆవిడ భయపడింది ఇదేంటి ఒంటరిగా మాట్లాడుతుంది అని. తర్వాత తెలిసింది, వైగోట్‌స్కీ అని రష్యా ఆయన దీని మీదే రాశారు, ఆయనా 1896లోనే పుట్టారు పియాజే లాగా, కానీ 1934లోనే టీబీతో పోయారు, నలభై కూడా నిండలేదు. పిల్లలు అలా పైకి మాట్లాడుకోవడం ఎదుటివాళ్ళని పట్టించుకోలేని చిన్నతనం అని పియాజే అంటే, కాదు, అది వాళ్ళు ఆలోచించే పద్ధతి, అదే మెల్లగా గొంతు తగ్గి లోపలికి పోయి మన మనసులో మాట అవుతుంది అని ఈయన. బొమ్మ వేసే పిల్లాడికి కావాల్సిన రంగు పెన్సిల్ అందకుండా చేసి చూస్తే ఆ స్వగతం పెరిగిందట, పని కష్టమైతే మాట ఎక్కువ. నేను ఫర్నిచర్ బిగించేటప్పుడు చేసేది కూడా అదే, కాకపోతే నా మాటలు ఇక్కడ రాయకూడదు.

ఇంకో డౌట్, మా అమ్మాయికి "మనం", "మేము" తేడా పట్టుబడట్లేదు. "నాన్నా మేము పార్క్‌కి వెళ్దాం" అంటుంది, నన్ను వదిలేసి వెళ్తుందేమో అని నాకు బెంగ 😀 ఇంగ్లీషులో రెండింటికీ ఒకటే మాట కదా. "నిన్న", "రేపు" కూడా కలిసిపోతాయి, జరిగిపోయిన బర్త్‌డే రేపు అంటుంది.

పాలమూరు నాయిన | రాత్రి 8:31
నిన్న రేపు సంగతి మా బిడ్డది గూడ గంతే బాబాయ్, దానికి ఇంగ్లీషు రాదు, డల్లాస్ అసలే తెల్వదు. అయిపోయినయన్ని "మొన్న", కావల్సినయన్ని "రేపు". మేము మనం మాత్రం మంచిగనే అంటది, రోజంతా చుట్టూ అందరు గట్లనే మాట్లాడుతరు కద, చెవికి అలవాటైంది.

పిల్లల వార్డు సిస్టర్ | రాత్రి 9:10
నేను నర్సుని, ఒక్క మాట చెప్పి వెళ్తా. మజ్జిగ ఎక్కువ తక్కువ అనడం, చందమామ వెంట రావడం, ఫోన్‌లో తల ఊపడం, వీటికి డాక్టర్ అక్కర్లేదు. కానీ పదహారు నెలలకి ఒక్క మాట కూడా రాకపోయినా, రెండేళ్ళకి "అమ్మా పాలు" లాంటి రెండు మాటలు కలపకపోయినా, పేరు పెట్టి పిలిస్తే చూడకపోయినా, ముఖ్యంగా ముందు వచ్చిన మాటలు పోయినా, "వాళ్ళ నాన్నకి కూడా లేటుగా వచ్చాయిలే" అనుకుని కూర్చోవద్దు. గవర్నమెంట్ వైపు జిల్లా సత్వర చికిత్సా కేంద్రాలు ఉన్నాయి, ఆర్‌బీఎస్‌కే కింద, అంటే పిల్లల ఆరోగ్య పరీక్షల కోసం 2013 నుంచి నడుస్తున్న పథకం. అంగన్‌వాడీకి వచ్చే టీమ్ పంపితే అక్కడ చూస్తారు. మా దగ్గరికి ఆలస్యంగా వచ్చేవాళ్ళే ఎక్కువ, అందుకే రాశా.

గోదారి అమ్మాయి | రాత్రి 10:05
ఇన్ని రిప్లైలు వస్తాయనుకోలేదు, అందరికీ చాలా థ్యాంక్స్. అంగన్‌వాడీ అక్క చెప్పినట్టు ఇవాళ వాడి చేతే పోయించా. అరలీటరు నేల మీదకి పోయింది, కానీ రెండు గ్లాసుల మధ్య అటూ ఇటూ ఒంపుతూ పావుగంట కూర్చున్నాడు. పోసి పోసి పొడుగు గ్లాసు చూపించి "ఇది ఎక్కువ... దీంట్లో పోస్తే తక్కువ అయిపోతుంది... మళ్ళీ ఎక్కువ" అని వాడిలో వాడే. పెద్దోడు పక్కనే ఉన్నాడు, వాడిని అడిగా ఏరా ఎక్కువా తక్కువా అని, నన్ను జాలిగా చూసి "ఎక్కువెందుకవుతుందమ్మా, నువ్వేం కలపలేదుగా, కింద పారబోసింది తప్ప" అన్నాడు.

సిస్టర్ గారూ, వాడికి మాటలు టైముకే వచ్చాయండి, అదొక్కటే కాస్త ధైర్యం.

మనసు చదువుతా | రాత్రి 10:22
అక్కా మీ పెద్దబ్బాయి చెప్పింది చూడండి, కలపలేదు తీయలేదు కాబట్టి అంతే, ఆ మాట కోసమే పియాజే వాళ్ళు పిల్లల వెంట పడింది.

ఇంకోటి ట్రై చేయండి, ఇది నాలుగేళ్ళ దగ్గరే మారుతుంది కాబట్టి మీ వాడి వయసుకి సరిగ్గా సరిపోతుంది. మన ఇళ్ళల్లో నీలం రంగు బిస్కెట్ల డబ్బా ఉంటుంది కదా, లోపల సూదీ దారాలు గుండీలు పెట్టేది...

డల్లాస్ బాబాయ్ | రాత్రి 10:24
ప్రతి ఇంట్లో!! మా ఇంట్లో ఇక్కడ కూడా ఉంది.

మనసు చదువుతా | రాత్రి 10:30
😂 అదే. 1983లో విమర్, పెర్నర్ ఒక కథతో మొదలెట్టారు, పిల్లాడు చాక్లెట్ ఒక అలమరలో పెట్టి ఆడుకోడానికి వెళ్తాడు, వాళ్ళమ్మ ఇంకో అలమరలోకి మారుస్తుంది, వాడు తిరిగొచ్చి ఎక్కడ వెతుకుతాడు? మూడేళ్ళ పిల్లలు ఎక్కువమంది చాక్లెట్ ఇప్పుడు ఎక్కడుందో అక్కడే చూపిస్తారు, తమకి తెలిసింది లోకానికంతా తెలుసనుకుంటారు. తర్వాత 1987లో చాక్లెట్ బిళ్ళల డబ్బాలో పెన్సిళ్ళు పెట్టి అడిగారు, ఇది ఇంకా ఈజీ. మీ వాడికి ఆ డబ్బా ఎప్పుడూ తెరిచి చూపించకుండా ఉంటే "ఇందులో ఏముంది" అనండి, బిస్కెట్లు అంటాడు. తెరిచి దారాలు చూపించి మూత పెట్టి, "ఇప్పుడు అన్నయ్య వస్తే చూడకుండా ఏముందనుకుంటాడు" అని అడగండి. బిస్కెట్లు అంటే, ఎదుటివాళ్ళ బుర్రలో నాకు తెలిసినదానికి వేరేది ఉండొచ్చు అని వాడికి అర్థమైనట్టు. అబద్ధాలు ఆడడం కూడా ఇక్కడే ఊపందుకుంటుంది మరి, దానికి రెడీగా ఉండండి.

అడ్డప్రశ్న | రాత్రి 10:41
దీనికి నా అభ్యంతరం లేదు. ఒకసారే అడగండి చాలు.

ఆ ప్లేస్కూల్ విషయం, 2020 జాతీయ విద్యావిధానంలోనే మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశ, ఆట ద్వారా నేర్పాలి అని రాసుంది. "నాలుగేళ్ళకి ఈ వర్క్‌షీట్లు ఎందుకండి" అని మర్యాదగానే అడగండి.

గోదారి అమ్మాయి | మర్నాడు రాత్రి 9:48
రిపోర్ట్: మా డబ్బా వీడు ఎప్పుడో తెరిచేశాడు కాబట్టి పనికిరాలేదు, పక్కింటి పిన్నిగారి డబ్బా తెచ్చా. "ఏముందిరా" అన్నా, "దారాలు" అన్నాడు వెంటనే! వీడి దృష్టిలో ఆ డబ్బాలో బిస్కెట్లు ఉండడమే వింత. సరేలే అని మందుల అట్టపెట్టెలో క్రేయాన్లు పెట్టి అడిగా. అన్నయ్య ఏమనుకుంటాడు అంటే కాసేపు ఆలోచించి "మందులు అనుకుంటాడు, భయపడి పారిపోతాడు" అన్నాడు. పాస్ అయినట్టేనా?

ఇంకో సంగతి, సాయంత్రం మా ఆయన డ్యూటీ నుంచి వచ్చి వంటింట్లో పిన్నిగారి డబ్బా చూసి "ఓ బిస్కెట్లు" అని మూత తీశారు. చిన్నోడు పడీ పడీ నవ్వాడు, "నాన్నకి తెలీదు, నాన్నకి తెలీదు" అని.

మేడమ్‌తో సోమవారం మాట్లాడతా.

నాన్నమ్మ కబుర్లు | రాత్రి 10:02
పాసే తల్లీ. నేనూ ఇవాళ రెండు తువ్వాళ్ళతో చూశా, మా పిల్ల ఎడమదీ లాగలేదు కుడిదీ లాగలేదు, నా కళ్ళజోడు లాగింది.